బోసిచేతి బేరం

కనకశైలపురంలోని రత్నాల వీధిని చూసి నోరు వెళ్ళబెట్టని బాటసారి లేడని ఆ ఊరివాళ్ళ గొప్ప. చలువరాతి అరుగులు, గంధపుచెక్క వాకిళ్ళు, వాకిలి వాకిలికీ పగడాల తోరణాలు, నేలమీద పన్నీటి కళ్ళాపి, మేడల గవాక్షాలలో బంగారు పంజరాలు, ఆ పంజరాలలో యజమానులను వేళ తప్పకుండా పొగిడే రామచిలుకలు. నిజం చెప్పాలంటే ఆ వీధి మొత్తంలో తిన్న తిండికి తగిన పని చేస్తున్నవి ఆ చిలుకలే. తక్కినవాళ్ళు, అంటే పట్టుబట్టలు కట్టిన వర్తక శిఖామణులంతా, తెల్లవారగానే మణిదత్తుడి అంగడి ముందు బారులు తీరి నిలబడుతున్నారు. ఎందుకయ్యా అంటే, గుణాలు కొనుక్కోవడానికి!

అవును, గుణాలే. ఈ మణిదత్తుడు నిరుటి వానాకాలంలో ఎక్కడినుంచో ఊడిపడ్డాడు. బొడ్డుదాకా తెల్లటి గడ్డం, మెత్తటి గొంతు, చెదరని చిరునవ్వు. పొద్దున్నే అంగడి అరుగెక్కి చేతులు చాచి మొదలుపెట్టేవాడు.

“వర్తకుడికి కావలసింది సరుకు కాదు నాయనలారా, సుగుణం! ఎదుటివాడికి లేనిదేదో నీలో ఉండాలి. అప్పుడే వాడి గిరాకీ నీ గడపకు వస్తుంది. ఈ కెంపు తొడుక్కో, ధైర్యం. ఈ పుష్యరాగం తొడుక్కో, మాటనేర్పు. పచ్చ పెట్టుకుంటే ముందుచూపు. నీలం పెట్టుకుంటే ఓర్పు!”

“ఆహా! ఎంత చక్కగా సెలవిచ్చారు!” అని తలలు ఊగేవి. అందరూ ఒకే అంగడిలో ఒకే ఉంగరం కొంటే ఎదుటివాడికి లేనిది తమలో ఏం మిగులుతుందని ఆ తలల్లో ఒక్కదానికీ తట్టలేదు. తాతలు అడవులూ సముద్రాలూ దాటి గడించారు, మనవలు దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. దిండుకు ఆనుకున్న తలలో ఆలోచన మాత్రం ఎలా పుడుతుంది?

అసలు చోద్యం ఏమిటంటే, ఆ ఉంగరాలు పనిచేశాయి. బల్లిని చూసి కెవ్వుమనేవాడు కెంపు తొడిగి పెద్దపులి బోనులో చెయ్యి పెట్టాడు. పెళ్ళాంతో రెండు మాటలు పొందికగా మాట్లాడలేనివాడు పుష్యరాగం తొడిగి రాజసభలో గంటసేపు అనర్గళంగా మాట్లాడాడు. ఒక్కటే చిక్కు. తొడిగినంతసేపూ రాయి రంగు కొంచెం కొంచెంగా వెలిసిపోయేది. పూర్తిగా వెలిస్తే ఉత్త గాజుముక్క. అప్పుడా పెద్దమనుషులు సిగ్గూ ఎగ్గూ లేకుండా మళ్ళీ బారులో నిలబడేవాళ్ళు.

ఆ ఉదయం రత్నాల వీధి చివర బేరాల మండపం కిటకిటలాడుతున్నది. మహారాజు వజ్రకంఠుడు నాగకోన దారిని బేరానికి పెట్టాడు. కొండల అవతలి ఊళ్ళకు ఉప్పు వెళ్ళే దారి అదొక్కటే. నిరుటి వేసవి నుంచీ ఆ దారిన వెళ్ళిన మనిషి తిరిగి రావడం లేదు. రాజు భయపడి దారికి అడ్డంగా ద్వారం బిగించి కాపలా పెట్టాడు. ఈరోజు మండపంలో గెలిచినవాడికే రాజముద్రిక. ముద్రిక ఉన్నవాడికే ద్వారం దాటే హక్కు.

మండపం మెట్ల దగ్గర నిలబడిన ఒక ఎద్దుల బేహారి తలపాగా మాటిమాటికీ సర్దుకుంటున్నాడు. మీసం కూడా సర్దుకుంటున్నాడు. సర్దుకోక తప్పదు మరి, ఆ మీసం అతనిది కాదు. ఎద్దు తోకది. ఆ మనిషి కూడా అతను కాదు. ఆమె పేరు మైలమ. పెరికెద్దుల మీద ఉప్పు మోయించి కొండలు దాటించే కుటుంబంలో పుట్టిన పిల్ల. బేరాల మండపంలో ఆడవాళ్ళకు చోటు లేదు కనుక ఈ వేషం కట్టింది. చోటు లేకపోవడానికి కారణం ఏమిటో ఆ మండపం పెద్దలకు కూడా తెలియదు. తెలుసుకునే తీరిక వాళ్ళకు లేదు, ఉంగరాల బారు పొడుగ్గా ఉంది.

మైలమకు దారి మీద ఆశ లేదు, లాభం మీద అంతకంటే లేదు. ఆమె అన్న బయ్యన నిరుటి వేసవిలో ఉప్పు తీసుకుని నాగకోనకు వెళ్ళాడు. ఎద్దులు తిరిగి వచ్చాయి. బయ్యన రాలేదు. అన్నను వెతకాలంటే ద్వారం దాటాలి. ద్వారం దాటాలంటే ముద్రిక కావాలి.

ఆ అన్నాచెల్లెళ్ళు ఒక్క కడుపున పుట్టారంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. మైలమకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బేరానికి కూర్చుంటే రెండో మాటకే “పోవయ్యా పో” అని లేచి వచ్చేది. బయ్యన అలా కాదు. పొద్దున కూర్చుంటే ఎదుటివాడి ఓపిక అడుగంటేదాకా లేచేవాడు కాదు. ఎవరు ఎంత తొందరపెట్టినా కుడిచెవి వెనక గోక్కుని, “తొందరేముందయ్యా, పొద్దుంది కదా” అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా మైలమకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడా మాట వినక ఏడాదయింది. వినాలని ప్రాణం కొట్టుకుపోతున్నది.

మండపం మధ్యలో ధనగుప్త శ్రేష్ఠి కూర్చున్నాడు. ‘వాణిజ్య పంచాననుడు’ అని బిరుదు. ఆ బిరుదు కూడా కొన్నదే. గంజి చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునే ఈ మహానుభావుడు ఆవేళ కొండలా కదలకుండా కూర్చుని, ఎదుట కూర్చున్న ప్రతి వర్తకుడినీ ఓడించి పంపుతున్నాడు. బేరం పద్ధతి పాతదే. ఇద్దరి చేతుల మీదా ఒక బట్ట కప్పుతారు. బట్ట కింద ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి వెల చెప్పుకుంటారు. ముందుగా చెయ్యి వెనక్కు లాక్కున్నవాడూ, వెల పైకి అరిచినవాడూ ఓడినట్టు.

“ఇంకెవరున్నారు?” అని మండపాధికారి మాచన కేకవేశాడు. మాచన ముసలివాడు. రాజుకు భయపడతాడు, వర్తకులకు భయపడతాడు, చివరికి తన నీడకూ భయపడతాడు. అయినా మనిషి చెడ్డవాడు కాదు.

మైలమ వెళ్ళి ఎదురుగా చతికిలబడింది. “నేనున్నానండీ. త్వరగా కానివ్వండి, నా ఎద్దులు ఎండలో ఉన్నాయి.”

ధనగుప్తుడు కుడిచెవి వెనక గోక్కున్నాడు.

“తొందరేముందయ్యా, పొద్దుంది కదా” అన్నాడు.

మైలమ పైప్రాణాలు పైనే పోయాయి. గొంతు ధనగుప్తుడిదే. కానీ ఆ గోక్కోవడం, ఆ సాగతీత, చివర ఆ చిన్న నవ్వు, అన్నీ అన్నవే. గోక్కుంటున్న చేతి ఉంగరం కేసి చూసింది. నీలం. రాయంతా వెలిసిపోయి, మధ్యలో వెంట్రుకవాసి నీలిజీర మిగిలి ఉంది. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది. వీడు పెట్టుకు కూర్చున్నది మా అన్న ఓర్పు! ఎక్కడో అన్నను బంధించి, ఆ మనిషిలోనుంచి దాన్ని పిండి, రాతిలో పొదిగి, గంజికి నాలుక కాల్చుకునే ఈ ముఖానికి అమ్మారు! ఆ జీర కూడా వెలిసిపోతే అన్నకు ఇక మిగిలేది ఏమీ లేదు.

మామూలు రోజయితే మైలమ అక్కడికక్కడే వాడి జుట్టు పట్టుకునేది. ఆవేళ పళ్ళు బిగబట్టుకుంది.

“సెట్టిగారూ, ఊరికే బేరమేమిటి, పందెం వేసుకుందాం. నా వంతు నా ఎద్దుల మందంతా.”

“మంద మొత్తమే! బాగుందోయ్! మరి నేనేం పెట్టమంటావు?”

“పెద్దవాళ్ళు మీరు. మిమ్మల్నేం అడుగుతాను? ఆ వెలిసిపోయిన ఉంగరం పెట్టండి, చాలు.”

సభ గొల్లుమంది. పక్కన ఎత్తుపీట మీద ఉన్న మణిదత్తుడు మాత్రం నవ్వలేదు. సగం లేచి, వద్దు వద్దు అని ధనగుప్తుడికి కళ్ళతో సైగలు చేశాడు. ఏం లాభం? ధనగుప్తుడు ఓర్పు కొనుక్కున్నాడు కానీ బుద్ధి కొనుక్కోలేదు. బుద్ధికి ఆ అంగడిలో ఉంగరం లేదు. ఉన్నా గిరాకీ ఉండేది కాదు.

“సరే!” అని ధనగుప్తుడు ఆమె అరచేతిలో అరచెయ్యి వేసి చరిచాడు. మండపంలో చేతిమీద చెయ్యి వేశాక మాట తప్పడమనేది ఉండదు.

మాచన బట్ట విప్పబోయాడు. మైలమ చెయ్యి అడ్డం పెట్టింది.

“అయ్యా, ఆగండి. సెట్టిగారి చెయ్యి బోసిగా లేదు.”



“అదీ… ఈమధ్య… గౌరవనీయుల చేతులకు కొంచెం మినహాయింపు…” అని మాచన గొణిగాడు.

“మినహాయింపా? అదుగో, ఆ స్తంభం మీద చెక్కిన చెయ్యి చూడండి. దానికి ఉంగరం ఉందా? కంకణం ఉందా? నగ తగిలితే ఎదుటివాడు వేళ్ళ నొక్కు పోల్చుకోలేడని మన తాతలు బోసిచేతి ఆచారం పెట్టలేదూ? లేక ఆ చేతికి కూడా సెట్టిగారు మినహాయింపు కొన్నారా?”

వెనక మూటల మీద కూర్చున్న హమాలీలు “అడుగబ్బాయ్, బాగా అడుగు!” అని అరిచారు. మాచన వర్తకులను చూశాడు, హమాలీలను చూశాడు, హమాలీలే ఎక్కువమంది ఉన్నారని గ్రహించాడు.

“ఉంగరం తీయండి, శ్రేష్ఠీ” అన్నాడు.

ఉంగరం ఇంకా వేలికే ఉంది కనుక ధనగుప్తుడు ఎంతో ఓర్పుగా దాన్ని తీసి పళ్ళెంలో పెట్టాడు. ఆ తరువాత చూడాలి సంబరం! బట్ట కప్పీ కప్పకముందే అతని మోకాలు ఊగడం మొదలుపెట్టింది. బట్ట కింద మైలమ చెయ్యి గరుకుగా తగిలింది. తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన చెయ్యి. అది ఆడదాని చెయ్యి అన్న అనుమానమే ఆ సెట్టికి రాలేదు, ఎందుకంటే అతని చెయ్యే వెన్నముద్దలా ఉంది. మైలమ ఒక వేలు నొక్కి ఊరుకుంది. అతను గబగబా నొక్కాడు. ఆమె ఉలకదు, పలకదు. అతని నుదుట చెమట పట్టింది. పీట మీద అటు జరిగాడు, ఇటు జరిగాడు. “నొక్కు! నొక్కవేమిటి? చెప్పు!” అన్నాడు. మైలమ పైకప్పు మీది చెక్కడాలు చూస్తున్నది. లోపల ఆమె కూడా ఉడికిపోతున్నది సుమా! ఈ దద్దమ్మ కంటే ముందు తానే లేచి నాలుగు తగిలిస్తానేమోనని ఆమె భయం ఆమెది. పాపం, అంత కష్టం అక్కరలేకపోయింది.

“ఛీ ఛీ! ఇచ్చేస్తాను పో! సగానికి సగం!” అని వాణిజ్య పంచాననుడు వెల పైకి అరిచి, చెయ్యి లాక్కుని, పీట తన్నేసి లేచాడు.

హమాలీల ఈలలతో మండపం దద్దరిల్లింది. మైలమ పళ్ళెంలోని ఉంగరం అందుకుంది. మాచన వణుకుతూనే రాజముద్రిక ఆమె చేతిలో పెట్టాడు. వంగి పుచ్చుకునేసరికి చెమటకు తడిసిన ఎద్దుతోక మీసం ఊడి అతని పాదాల మీద పడింది.

“ఆడది!” అని వర్తకులు గుడ్లు తేలేశారు.

“అవును. నాకు మీసం ఒక్కటే అరువు. మీకు మీసం తప్ప అన్నీ అరువే” అని మైలమ ఒక్క గంతులో మెట్లు దిగింది.

అప్పుడు మణిదత్తుడు లేచాడు. తెల్లగడ్డం పొగగా మారి పైకి లేచిపోయింది. పట్టుబట్ట కాలిపోయింది. లోపలినుంచి బూడిద పూసుకున్న దేహం, ఎముకల హారాలు, నిప్పులు కక్కే కళ్ళు బయటపడ్డాయి. వాడు నాగకోనలో మకాం పెట్టిన మాంత్రికుడు, పేరు కంకాళుడు! “పట్టుకోండి దాన్ని!” అని అతను గర్జించేసరికి ఆకాశం కప్పేస్తూ గబ్బిలాల గుంపు దిగింది. నిన్నటిదాకా అతని కాళ్ళకు మొక్కిన వర్తకోత్తములు కాళ్ళకు బుద్ధి చెప్పారు. కెంపుటుంగరాల వాళ్ళు మాత్రం ధైర్యంగా పరిగెత్తారు, అదీ ఇళ్ళవైపే.

మైలమ తన ముందెద్దు బూడిదయ్య మూపు మీదికి ఎగిరి కూర్చుంది. “పద నాయనా!” అంది. అంతే, పన్నీటి కళ్ళాపి మీద గిట్టలు జారుతూ, పగడాల తోరణాలు కొమ్ములకు చుట్టుకుంటూ, బూడిదయ్య రత్నాల వీధిని ఈ చివరినుంచి ఆ చివరికి దున్నేసింది. పంజరాలు కూలాయి. చిలుకలు ఎగిరిపోయాయి. వాటిలో ఒక్కటి కూడా యజమానిని పొగడలేదు.

కోట దాటి, చెరకుతోటలు దాటి, కొండమొదటికి వచ్చేసరికి నాగకోన ద్వారానికి అడ్డంగా యువరాజు సింహకేతుడు కత్తి దూసి నిలబడి ఉన్నాడు. ఈ యువరాజు పుట్టినప్పటినుంచీ ఉరుము వినిపిస్తే దాసీ వెనక దాక్కున్నవాడు. ఇప్పుడు వేలికి ఇంత కెంపు.

“నిలు! నిలు! సింహకేతుడి ఖడ్గధారకు ఎదురు వచ్చే సాహసమా?”

“దొరా, నా దగ్గర రాజముద్రిక ఉంది. మీ తండ్రిగారిదే. దారివ్వండి.”

“ముద్రికలు మాకు లెక్కలేదు! వీరులకు ముద్రికేమిటి? దిగి యుద్ధం చెయ్యి!”

కొన్న ధైర్యం కదా, ఎక్కడ వాడాలో తెలియక ఎద్దు మీద వచ్చిన ఆడపిల్ల మీద వాడుతున్నాడు. వెనక గబ్బిలాలు దగ్గరపడుతున్నాయి. మైలమకు ఏం చేయాలో తోచలేదు. బూడిదయ్యకు తోచింది. ఉప్పు మోసే ఎద్దుకు ఉప్పంటే ప్రాణం. అంత ఎండలో కత్తి ఝళిపిస్తున్న యువరాజు చెయ్యి చెమటతో నిగనిగలాడుతున్నది. బూడిదయ్య తాపీగా ముందుకు వెళ్ళి, గరుకు నాలుక చాచి, ఆ చేతిని మణికట్టునుంచి వేళ్ళదాకా ఒక్క నాకు నాకింది. ఉంగరం జారింది. గుటుక్కుమంది.

యువరాజు తన చెయ్యి చూసుకున్నాడు, ఎద్దును చూశాడు, “అమ్మో! కొమ్ములు!” అని కత్తి పారేసి ద్వారం పైదాకా పాకిపోయాడు. అక్కడినుంచి దిగలేక అమ్మను పిలవడం మొదలుపెట్టాడు. కాపలావాళ్ళు నవ్వు ఆపుకోవడానికి ముఖాలు తిప్పుకుని తలుపులు తీశారు.

ఆ తరువాత ప్రయాణం చెప్పతరం కాదు. అడుగు కనిపించని లోయ. దానిమీద వేర్లతో అల్లిన వంతెన. వంతెన పొడుగునా పడగలెత్తిన నల్లత్రాచులు. ఏ ఎద్దయినా ఆ బుసకే తాళ్ళు తెంపుకుని పారిపోవాలి. బూడిదయ్య కడుపులో మాత్రం ఎవడో మహావీరుడి ధైర్యం ఉందాయె! తోక ఊపుకుంటూ, దారిలో ఒక త్రాచును మూతితో పక్కకు నెడుతూ, పచ్చికలో నడిచినట్టు నడిచింది. మైలమే కళ్ళు మూసుకుని దాని మెడ కౌగిలించుకుంది. “ఒరే, నువ్వు మరీ అంత ధైర్యంగా ఉండకురా, నాకు భయమేస్తోంది” అంది. గబ్బిలాలు ఆ పాముల మీద వాలి, వాటికే ఆహారమైపోయాయి.

వంతెన దాటితే నాగకోన. ఎర్రని కొండల మధ్య గిన్నెలాంటి లోయ. పక్షి కూత లేదు, ఆకు కదలిక లేదు. లోయ నిండా రాతిమనుషులు కూర్చుని ఉన్నారు. ఒకడు కత్తి పట్టుకున్న సైనికుడు. ఒకతె నోరు తెరిచి మాట మధ్యలో ఆగిపోయిన గాజుల బేహారి. ఒకడు కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరం చూస్తున్న ఓడ సరంగు. ఒకరి ధైర్యం, ఒకరి మాటనేర్పు, ఒకరి ముందుచూపు. అన్నీ కనకశైలపురంలో దిండ్లకు ఆనుకున్నవాళ్ళ వేళ్ళమీద వెలిసిపోతున్నాయి. 

లోయ చివర, ఎండిన వాగు ఒడ్డున, బయ్యన. ఎడమచెయ్యి పిడికిలి బిగించి ఒళ్ళో ఉంది. కుడిచెయ్యి చెవి వెనకకు లేచి అక్కడే రాయయిపోయింది.

“అన్నా!” అని ఆమె వెళ్ళి వాటేసుకుంది. రాయి చల్లగా ఉంది. బయ్యనను ఎప్పుడూ తిట్టడమే కానీ ప్రేమగా ఒక్క మాట అన్న పాపాన పోలేదని గుర్తొచ్చి భోరుమని ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, ఉంగరం తీసి వేలికి తొడగబోయింది. చెవి వెనకకు మడిచిన రాతివేళ్ళ మధ్య సందు లేదు. ఎడమచేతి పిడికిలి విప్పబోయింది. గోళ్ళు విరిగాయి కానీ పిడికిలి విడలేదు.

“విడదు” అని వెనకనుంచి వినిపించింది. కంకాళుడు బండమీద కాలుమీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. వేలి వేలికీ ఉంగరాలు ధగధగలాడుతున్నాయి. “నీ అన్న నాతో బట్టకింద బేరానికి కూర్చుని ఓడాడు. బేరంలో నేను గెలిచింది బేరంలో నన్ను ఓడిస్తేనే వెనక్కు వస్తుంది. నా విద్యకు కట్టుబాటు అది. అడిగినవాళ్ళతో కూర్చోక నాకూ తప్పదు.”

“మా అన్న ఓడాడా? మా అన్నా? ఏం మోసం చేశావురా?”

“మోసమేముందే? బోసిచెయ్యి చాచాడు. నేను నా ఉంగరాలతో కూర్చున్నాను. మూడు పగళ్ళు కూర్చున్నాడు. పాపం, దాహంతో సొమ్మసిల్లి చెయ్యి జారింది.”

మైలమ నడుముకు కట్టుకున్న తుండు విప్పింది. “అయితే నాతో కూర్చో. తీయ్ ఆ ఉంగరాలు!”

కంకాళుడు పగలబడి నవ్వాడు. “ఇది నీ మండపం కాదు పిల్లా, నా కోన. ఇక్కడ బోసిచేతి ఆచారం లేదు. నేను తీయను. కావాలంటే నువ్వూ తొడుక్కో. నీ దగ్గర ఒకటి ఉందిగా! నీ సంగతి నాకు తెలియదా? రెండో మాటకు లేచిపోయే దానివని మీ అన్నే చెప్పాడు. మీ అన్న ఓర్పు తొడుక్కుంటే తప్ప నిమిషం కూర్చోలేవు. తొడుక్కో, గెలిచినా గెలుస్తావు!”

మైలమ అరచేతిలోని ఉంగరం చూసుకుంది. వెంట్రుకవాసి నీలిజీర. తొడుక్కుంటే బేరం గెలవొచ్చు. గెలిచేసరికి ఆ జీర ఉండదు. అప్పుడు లేచి వచ్చే అన్న ఎవరు? ఆమె కోపిష్టిదే కానీ తెలివితక్కువది కాదు. వీడు ఇంత ఉదారంగా తొడుక్కోమంటున్నాడంటే తొడుక్కోవడంలోనే ఉంది కిటుకు.

ఆమె ఉంగరాన్ని అన్న ఒళ్ళో, రాతిపిడికిలి పక్కన పెట్టింది. ఎదురుగా కూర్చుని, కాయలు కాసిన చెయ్యి ముందుకు చాచింది.

“తొడుక్కోవా?” అన్నాడు కంకాళుడు. చిరునవ్వు కొంచెం చెదిరింది.

“అది మా అన్నది. నాది నాకుంది.”

“ఏముంది నీకు? కోపమా?”

“కోపమే. ఏడాదినుంచీ కాచుకుని ఉన్నాను. మొదటినుంచీ నాదే, నీ అంగడిలో కొన్నది కాదు. కప్పు బట్ట!”

బట్ట కింద చేతులు కలిశాయి. కంకాళుడి పట్టు ఇనుపపట్టు. వేలివేలికీ ఒకరి బలం. నొక్కాడు. మైలమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ చెయ్యి కదల్చలేదు. మాటనేర్పు ఉంగరంతో అన్న గొంతులోనే పిలిచాడు, “అమ్మీ, చెయ్యి తియ్యవే, నాకు నొప్పిగా ఉందే” అన్నాడు. ఆమె గుండె నీరైపోయింది. పెదవి కొరుక్కుని పట్టు బిగించింది. ఇసుకలోంచి తేళ్ళను లేపి ఆమె ఒడిలోకి పాకించాడు. బూడిదయ్య వచ్చి వాటిని ఒక్కొక్కటిగా గిట్టతో తొక్కేసింది.

ఎండ ఎర్రకొండ మీదనుంచి కిందికి జారుతున్నది. మైలమకు గొంతు ఎండిపోయింది. లేచి వీడి ముఖాన ఉమ్మేసి వెళ్ళిపోదామా అని ఆమె కాళ్ళే ఆమెను పీకుతున్నాయి. అప్పుడు చూసింది. తుండు అంచు కిందనుంచి కనిపిస్తున్న కంకాళుడి చిటికెన వేలి రాయి రంగు తగ్గింది. ఇందాక ముదురు పచ్చ, ఇప్పుడు లేతపచ్చ. దాని పక్కది పసుపు పోయి నీళ్ళలా ఉంది.

అన్ని గుణాలూ ఒకేసారి వాడుతున్నాడు! అన్నీ ఒకేసారి వెలిసిపోతున్నాయి! కూర్చున్న ప్రతి క్షణమూ వాడి దగ్గర తరిగిపోతున్నది. ఆమె దగ్గర తరిగేదేమీ లేదు. మధ్యాహ్నం ఉన్న కోపం ఇప్పుడూ అంతే ఉంది, ఇంకా కొంచెం ఎక్కువే ఉంది. అన్న ఆ మూడు పగళ్ళూ ఈ రంగులను ఎంతవరకు దించి ఉంటాడో కదా! దప్పికకు తాళగలిగి ఉంటే గెలిచేవాడే. మైలమ ఎడమచేత్తో నడుముకున్న నీళ్ళతిత్తి విప్పి, వాడి కళ్ళెదుటే గుటకలు వేసి తాగింది.

కంకాళుడూ తన వేళ్ళకేసి చూసుకున్నాడు. ఆ ముఖంలో మొదటిసారిగా ఒక పాత భయం కనిపించింది. ఏ ఉంగరమూ కప్పలేని భయం. తనదంటూ వాడికి మిగిలింది అదొక్కటే మరి. బట్ట కింద అతని అరచెయ్యి చెమర్చడం ఆమెకు తెలిసింది. వేళ్ళు గబగబా నొక్కాయి, అచ్చం ధనగుప్తుడిలాగే.

“ఏమే! వెల చెప్పవేం?” అని కీచుగా అరిచాడు. “ఎంతసేపు కూర్చుంటావు ఇలా? చెప్పు! ఎంతసేపు?”

మైలమ ఎడమచెయ్యి ఎత్తింది. జన్మలో ఎన్నడూ చేయని పని చేసింది. కుడిచెవి వెనక నెమ్మదిగా గోక్కుంది.

“తొందరేముందయ్యా” అంది. “పొద్దుంది కదా.”

కంకాళుడి చెయ్యి బట్ట కిందనుంచి వెనక్కు జారిపోయింది. ఆమె పక్కన, అన్న ఒళ్ళోని రాతిపిడికిలి మీద సన్నని పగులు ఒకటి చిటుక్కుమంది.